ఎనిమిదో సీటు

ఢిల్లీ చుట్టుపక్కల ఇల్లు అద్దెకి తీసుకున్న తెలుగువాళ్లలో నా అంత గొప్ప బేరం చేసినవాళ్లు ఇంకొకరు ఉంటే చూపించండి. ఫరీదాబాద్ పొలిమేరలో, సూరజ్‌కుండ్‌కి వెళ్లే రోడ్డు పక్కన, రెండో అంతస్తులో గాలీ వెలుతురూ ధారాళంగా ఉన్న గది. ఇంటావిడ బిమలా ఆంటీ చెప్పిన అద్దెలో మూడోవంతు, ఒక్క కప్పు టీ తాగేలోపు తగ్గించేశాను. టీలో అల్లం ఘాటు ఇంకా గొంతులో ఉండగానే ఆవిడ "ఠీక్ హై బేటీ, నీ మాటే కానీ" అనేసింది. అది జనవరి నెల. తాళంచెవి చేతిలో ఆడించుకుంటూ మెట్లు దిగానే తప్ప, అంత తగ్గింపు అంత తొందరగా ఎందుకిచ్చిందో ఆలోచించలేదు. మా నాన్నయితే ఆలోచించేవాడు. "అడగ్గానే ఇచ్చేశాడంటే బస్తా అడుగున చెయ్యి పెట్టి చూడాలమ్మాయ్" అనేవాడు ఆయన. నేను పెట్టలేదు. ఆ బస్తా అడుగున ఫిబ్రవరి ఉంది.

ఫిబ్రవరి అంటే సూరజ్‌కుండ్ మేళా. దేశంలో ఉన్న చేతిపనివాళ్లందరూ అక్కడి కొండల మధ్య దుకాణాలు పెట్టుకుని రెండు వారాలపైగా కూర్చుంటారు. వాళ్లని చూడ్డానికి ఢిల్లీ ఢిల్లీయే కదిలి వస్తుంది. మా చెల్లెలి కూతురు లహరి ఈ ఏడాది తెనాలి నుంచి అందుకోసమే దిగింది. రైల్లోంచే ఫోన్లో టికెట్లు కొనేసి, స్టేషన్లో నన్ను చూడగానే వాటేసుకుని, "పెద్దమ్మా, నువ్వు ఒకప్పుడు మేళా గేటు పక్కనే ఉండేదానివంట కదా, ఎంత లక్కీవో!" అంది. ఆ 'లక్కీ' అన్న మాట వినేసరికి నాకు నవ్వాగలేదు. ప్లాట్‌ఫాం మీద నిలబడి నవ్వుతూనే ఉన్నాను. కూలీ మనిషి సామాను ఎత్తాలో వద్దో తెలియక నా మొహం చూస్తున్నాడు.

ముందు మా కొట్టు గురించి చెప్పాలి, లేకపోతే నా బుద్ధి అర్థం కాదు. తెనాలిలో మాది కిరాణా కొట్టు. ముందు గది కొట్టు, వెనక రెండు గదులు ఇల్లు, రెండిటికీ మధ్య ఒక పాత చీర తెర. అన్నం తింటుంటే చింతపండు వాసన, పాఠం చదువుతుంటే ఎండుమిరప ఘాటు, నిద్రపోతే గోనెసంచుల దుమ్ము. మాకు లెక్కలు బళ్లో నేర్పక్కర్లేకపోయింది. ఉగాది నాలుగు రోజుల్లోకి వచ్చిందంటే నాయనమ్మ గుమ్మంలో కాళ్లు చాపుకుని కూర్చునేది. పురికొస ఉండ ఒకటి ఆవిడ ఒళ్లో. బెల్లం పావుకేజీ, అరకేజీ, చింతపండు వందా, రెండొందలూ, అన్నీ కాగితం పొట్లాలుగా కట్టి వరసగా పేర్చేసేది. ముడి వేశాక కొసని పళ్లతో కొరికి తెంపేది, కత్తెర ఇస్తే కోపం. పండగ పొద్దున జనం మీద జనం పడేవాళ్లు. పక్క కొట్టాయన తక్కెడ పట్టుకుని చెమటలు కక్కుతుంటే, మా నాన్న మాత్రం పొట్లం ఇవ్వడం, డబ్బు పుచ్చుకోవడం, అంతే. "బేరానికొచ్చినవాడు ఎదురు చూశాడంటే పక్క కొట్టు బోర్డు చదువుతాడు" అనేది నాయనమ్మ. ఆవిడకి చదువు రాదు. ఆవిడ కట్టిన పొట్లం మాత్రం ఒక్కటి కూడా ఊడినట్టు నేను వినలేదు.

అలాంటి ఇంట్లోంచి ఢిల్లీ వచ్చి, నెహ్రూ ప్లేస్‌లో ఒక కంపెనీ కొనుగోళ్ల విభాగంలో చేరాను. కాగితం నుంచి కంప్యూటర్ దాకా ఆఫీసుకి కావలసినవన్నీ బేరమాడి కొనడం నా పని. అంటే, చిన్నప్పటినుంచీ ఊరికే చేసిన పనికి జీతం ఇస్తామన్నారన్నమాట. అయితే అది ఆరు నెలల ప్రొబేషన్. నాన్నతో ఒప్పందం కూడా అంతే. "ఆర్నెల్లు చూడు సత్యా. పర్మనెంటు కాయితం వస్తే ఉండు, నేనేమీ అనను. రాలేదంటే మాత్రం వచ్చి కొట్లో కూర్చో. అక్కడ ఊళ్లోవాళ్ల లెక్కలు రాసేదానివి ఇక్కడ మనవే రాద్దువు గాని." ఆయన కోపంగా అనలేదు, సరుకు ధర చెప్పినట్టు చెప్పాడు. అందుకే నాకు భయం వేసింది. నాకు కొట్టంటే ఇష్టం లేక కాదు. సొంత జీతంతో, సొంత తాళంచెవితో, అడిగేవాళ్లు లేకుండా సాయంత్రం గోల్‌గప్పా తిని ఇంటికి వెళ్లడం అనే రుచి అప్పుడే తగిలింది. ఆ కాగితం ఫిబ్రవరిలో రావాలి.

మామూలు రోజుల్లో నా పొద్దు ఎంత హాయిగా గడిచేదో! కింద బిమలా ఆంటీ బథువా ఆకు కలిపి పరాఠాలు కాలుస్తుంటే ఆ నెయ్యి వాసనే నాకు అలారం. "బేటీ, ఖాళీ కడుపుతో మెట్రో ఎక్కితే కళ్లు తిరుగుతాయి" అంటూ ఒకటి కాగితంలో చుట్టి చేతిలో పెట్టేది. మంచులో నడుచుకుంటూ మలుపు దగ్గరికి వస్తే, అక్కడ బదర్‌పూర్ మెట్రోకి వెళ్లే పెద్ద షేర్ ఆటో ఉండేది. ఎనిమిది సీట్లు, సీటుకి పది రూపాయలు. రోజూ ఎక్కేవాళ్లం ఇంచుమించు అవే ఎనిమిది మొహాలం. బ్యాంకులో పనిచేసే సునీతా దీదీది కిటికీ పక్క. రిటైరయ్యే వయసొచ్చినా గుమాస్తాగిరీ మానని మిశ్రాజీది డ్రైవరు పక్క సీటు. ఒళ్లో నాలుగంతస్తుల టిఫిన్ డబ్బా, నోట్లో ప్రభుత్వం మీద ఫిర్యాదు. ఆటో రామ్‌వీర్ భయ్యాది. ఎనిమిదో మనిషి ఎక్కేదాకా "బదర్‌పూర్, బదర్‌పూర్" అని అరుస్తూ నిలబడేవాడు. ఎక్కగానే అరుపు ఆపి బండి తీసేవాడు.

మేళా మొదలైన సోమవారం మలుపు దగ్గరికి వచ్చేసరికి ఆటో లేదు. రోడ్డు నిండా జనం. గేటు పదిన్నరకి తీస్తారు. అయినా మొదటి బోణీకి వెళ్తే చవకగా ఇస్తారని ఎవరో చెప్పి ఉంటారు, ఎనిమిదికే దిగిపోయారు. గులాబీ తలపాగాలు కొనుక్కుని, రంగులేసిన ఏనుగు బొమ్మ ముందు వరసలు కట్టి ఫొటోలు. ఫొటో తియ్యడానికి ఎవరు కావాలి? ఆఫీసు బ్యాగు వేసుకుని కదలకుండా నిలబడ్డ నాలాంటి తెలివితక్కువవాళ్లు కావాలి. "దీదీ, ఒక్కటి ప్లీజ్" అని ఫోన్ చేతిలో పెట్టేవాళ్లు. ఒకటి తీస్తే "కళ్లు మూసుకున్నాను, ఇంకోటి" అనేవాళ్లు. నడవడానికి దారి లేదు, అడిగితే జరగరు, ఒకావిడ నన్నే గైడ్ అనుకుని బాత్రూం ఎక్కడని నిలదీసింది. దూరంగా నగారాలు మోగుతుంటే వాళ్లు చిందులు, నేనూ చిందులే, కారణాలు వేరు.

అన్నిటికన్నా మంట పుట్టించింది ఖాళీ ఆటోలు. మెట్రో దగ్గర యాత్రికుల్ని సీటుకి యాభై చొప్పున ఎక్కించుకుని గేటు దగ్గర దింపి, ఇంకో విడత కోసం బదర్‌పూర్‌కి ఖాళీగా ఉరికేవి. మేము వెళ్లాల్సిందీ అటే! మా ముక్కు ముందునుంచే, ఎనిమిది సీట్లూ ఖాళీగా, చెయ్యెత్తినా ఆగకుండా. మొదటిరోజు నేను ఆఫీసుకి ఆలస్యం. రెండోరోజూ ఆలస్యం. భాటియా మేడమ్, నా పై అధికారి, కళ్లజోడు పైనుంచి చూసి, "సత్యా, నీ పని బాగుంది. కానీ నీ కాగితం మీద సంతకం పెట్టాలంటే నువ్వు ఆఫీసులో ఉన్నట్టు నాకు కనిపించాలి కదా. ఇంకొక్కసారి ఆలస్యమైతే నేను పైవాళ్లకి చెప్పుకోలేను" అంది. ఆ సాయంత్రం బిమలా ఆంటీ వాకిట్లో మంచం మీద కూలబడి అంతా చెప్పాను. ఆవిడ బఠాణీలు ఒలుస్తూ, తలెత్తకుండా, "అందుకే కదా బేటీ, అద్దె తగ్గించింది. ఏటా ఫిబ్రవరిలో ఒకళ్లు ఖాళీ చేస్తారు" అంది. మొహంలో చిన్న నవ్వు కూడా లేదు. వ్యాపారి అంటే ఆవిడ!

మర్నాడు ఆఫీసుకి పండగ సెలవు. రామ్‌వీర్ భయ్యా పాన్‌కొట్టు దగ్గర టీ తాగుతుంటే పట్టుకున్నాను.

"భయ్యా, ఖాళీగా పోతున్నారే! ఒక్క నిమిషం ఆగి మమ్మల్ని ఎక్కించుకుంటే ఎనభై రూపాయలు వస్తాయి కదా?"

"ఎనభై వస్తాయి దీదీ, నాలుగువందలు పోతాయి" అన్నాడు. "ఒకరు ఎక్కుతారు, ఒకరు వస్తున్నానని దూరంనుంచి చెయ్యూపుతారు, ఒకరు చిల్లర వెతుకుతారు. మిశ్రాజీ డబ్బా ఎక్కడ పెట్టాలని నన్నే అడుగుతారు. ఈలోపు బదర్‌పూర్‌లో నా సవారీల్ని ఇంకొకడు ఎత్తుకుపోతాడు. మీరు సీటుకి ఇరవై ఇస్తామంటే ఆలోచిస్తా."

నాకు నాయనమ్మ ఒళ్లో పురికొస ఉండ కళ్లముందు మెరిసింది.

"ఇరవై ఎందుకు? మీరసలు ఆగనే అక్కర్లేదు. ఎనిమిది మందిమీ వరసగా, ఎక్కే వరసలోనే నిలబడి ఉంటాం. డబ్బు ముందే పోగుచేసి ఎనభై నా చేతిలో ఉంటుంది. బ్రేకు వెయ్యండి, పది లెక్కపెట్టేలోపు కదలండి. రేటు మాత్రం పాతదే."

"ఎనిమిది మంది లేకపోతే?"

అక్కడ నేను నోరు మూసుకోవాల్సింది. బేరం కుదురుతున్న సంతోషంలో, అడక్కుండానే కొసరు వేశాను. "ఎనిమిది తలలు కనిపించకపోతే మీరు బ్రేకే వెయ్యొద్దు, పొండి!"

"పక్కా?"

"పక్కా."

అతను టీ గ్లాసు కింద పెట్టి చెయ్యి చాపాడు. మర్నాటి పొద్దున చూడాలి మా వైభవం! చలిలో, పొగలు కక్కుతూ, ఎనిమిది మందిమి తాడు కట్టినట్టు వరసలో. వెనక సీటువాళ్లు ముందు, పక్క సీటువాళ్లు తరవాత. "డబ్బా ఒళ్లో, మిశ్రాజీ, ఒళ్లో!" అని సునీతా దీదీ కేకలు. ఆటో ఆగడం, మేము పడిపోవడం, బండి కదలడం, అంతా ఒక్క ఊపులో. అటుపక్క యాత్రికులెవరో మమ్మల్ని కూడా మేళాలో ఆటల బృందం అనుకుని చప్పట్లు కొట్టారు. సాయంత్రం ఇదే పద్ధతి తిరగేసి నడిపించాం. మెట్రో మెట్ల దగ్గర వరస కట్టేవాళ్లం, మేళానుంచి జనాన్ని తేవడానికి ఖాళీగా వెళ్లే బండి మమ్మల్ని గుటుక్కున మింగి తీసుకుపోయేది. ఆ తరవాత ఒక్కరోజు కూడా నేను ఆలస్యం కాలేదు. మిగతా షేర్ ఆటోలవాళ్లు కూడా తమ వరస తాము కట్టుకోమని తమ పాసింజర్లకి చెప్పడం మొదలెట్టారు. నేను తెనాలికి ఫోన్ చేసి నాన్నకి చెబితే, ఆయన నన్ను మెచ్చుకోకుండా, పక్కనున్న నాయనమ్మతో "నీ పొట్లాలు ఢిల్లీ రోడ్డెక్కాయే" అన్నాడు.

మేళా ఆఖరి శుక్రవారం నాకు భాటియా మేడమ్‌తో మీటింగు. పదిగంటలకి. ఆ రోజే కాగితం సంగతి తేలుతుంది. ఇస్త్రీ చేసిన కాటన్ చీర కట్టుకుని మలుపు దగ్గరికి వెళ్తే ఏడు తలలే ఉన్నాయి. "మిశ్రాజీకి జ్వరం, రాత్రి ఫోన్ చేశారు" అంది సునీతా దీదీ. రామ్‌వీర్ భయ్యా ఆటో యాత్రికులతో పైకి అప్పుడే వెళ్లింది. నాలుగు నిమిషాల్లో కిందికి వస్తుంది. ఫోన్ చేశాను, ఆ రొదలో ఎత్తలేదు. ఎనిమిది కనిపించకపోతే బ్రేకు వెయ్యొద్దని చెప్పింది నేనే. నగారా నా గుండెల్లోనే మోగుతున్నట్టుంది. రోడ్డు మీద వేలమంది, అందరూ అటు వెళ్లేవాళ్లే. నాకు ఇటు వచ్చేవాడు ఒక్కడు కావాలి! రెండు వారాలుగా ఎవరి నీడ పడితే పళ్లు నూరానో, వాళ్ల మొహాలే ఒక్కొక్కటిగా వెతుకుతున్నాను.

అప్పుడు వినపడింది. "పొద్దుగాల గింత ఇడ్లీ దొరకదా ఈ ఊర్ల? మూడు దినాల సంది పరాఠాలు తిని తిని పానం పోతున్నది."

గేటు వరసలో ఒక పెద్దాయన, మెడకి మఫ్లర్, నెత్తిన గులాబీ తలపాగా. పక్కన ఆయన భార్య, ఆయన మాట వినీ వినీ విసిగిపోయిన మొహంతో.

నేను వరస వదిలి పరిగెత్తాను. "అంకుల్, ఇడ్లీ కావాలా? మెత్తగా, వేడివేడిగా, కొబ్బరి చట్నీతో?"

"తెలుగేనా బిడ్డా! ఏడ?"

"బదర్‌పూర్ మెట్రో కింద బండి ఉంది. సేలం ఆయన వేస్తాడు. నేను రోజూ తినేదే. పది నిమిషాలు కూడా పట్టదు, రండి! ఆటో నాది, ఇడ్లీ నాది, మళ్లీ ఇక్కడ దింపేదీ నేనే."

ఆయన భార్య నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "ఎవలో ఏందో తెల్వది, ఇడ్లీ అనంగనే పోతవా?"

"గేటు తెరిచేటాళ్లకు వస్త గదనే. నువ్వు వరసల ఉండు."

"ఆంటీ, మీకూ పార్సెల్ పంపిస్తాను!" అని అరుస్తూ ఆయన చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. మిశ్రాజీ చోటులో నిలబెట్టాను. తలపాగాతో సహా ఎనిమిదో తల! మలుపులో రామ్‌వీర్ ఆటో కనపడింది, వేగంగా వస్తోంది. దగ్గరికి వచ్చింది. బ్రేకు పడింది! ఏడుగురం ఒక్కసారి "హా!" అని అరిచాం. అంకుల్ డ్రైవరు పక్కన సర్దుకుని కూర్చుని, వెనక్కి తిరిగి, నింపాదిగా అన్నాడు. "లోడు పూర్తి జెయ్యనీకి నన్ను ఎక్కించినవ్ గదా బిడ్డా? బతుకంత బస్సుల కండక్టర్ జేసిన, గామాత్రం తెల్వదా?"

నా మొహం కందిపోయింది. "అంటే... ఇడ్లీ మాత్రం నిజం అంకుల్."

"గదే నాకు గావాల్సింది" అని ఆయన దారంతా నవ్వాడు. బదర్‌పూర్‌లో ఇడ్లీ బండాయనకి "ఈయన తిన్నదంతా నా లెక్కలో, సాయంత్రం ఇస్తా" అని చెప్పి, రామ్‌వీర్‌కి తిరుగు ప్రయాణం అప్పజెప్పి, మెట్రో మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను. భాటియా మేడమ్ గదిలోకి నేనూ, ఆవిడ టీ కప్పూ ఒకేసారి వెళ్లాం. ఇన్నాళ్లూ ఆలస్యం కాకుండా ఎలా వచ్చావని అడిగింది. చెప్పాను, ఆ పొద్దుటి అంకుల్‌తో సహా. ఆవిడ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకునేదాకా నవ్వి, సంతకం పెట్టి, "ఇకమీదట పెద్ద సప్లయర్లతో మాట్లాడ్డానికి నువ్వే వెళ్లు" అంది. నేను గది బయటికి వచ్చి, నీళ్ల ఫిల్టర్ పక్కన నిలబడి, ఎవరూ చూడకుండా ఒకసారి గెంతాను.

ఈ ఏడాది లహరిని తీసుకుని అదే మలుపు దగ్గర దిగాను. మెట్రో ఇప్పుడు బదర్‌పూర్ దాటి ఫరీదాబాద్ ఊళ్లోకి వెళ్లిపోయింది. ఎనిమిది సీట్ల ఆటోల చోట ఈ-రిక్షాలు. రేటు ఫోనే చెబుతుంది, మేళా రోజున రెట్టింపు చేసి, మొహం కూడా చూపించకుండా. బేరమాడదామంటే ఎదురుగా మనిషేడీ? రోడ్డు మీద జనం మాత్రం ఏమీ తగ్గలేదు. నేను ఏనుగు బొమ్మ ముందు లహరికి ఫొటో తీస్తుంటే, బ్యాగు తగిలించుకున్న ఒకమ్మాయి విసురుగా వచ్చి, "ఆంటీజీ, హటో నా! ఆఫీస్ జానా హై!" అని నన్ను భుజంతో నెట్టుకుంటూ పోయింది. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. "జా బేటీ, జా!" అని అరిచి దారి ఇచ్చాను. లహరి మాత్రం, "ఎంత పొగరు పెద్దమ్మా" అంది. లోపల టెర్రకోట కుండల పక్కన మెట్ల మీద కూర్చుని, కుల్ఫీ తింటూ దానికి ఈ కథంతా చెప్పాను.

ఇన్నేళ్లూ ఈ కథని నేను పెళ్లిళ్లలో, విందుల్లో నా గెలుపుగానే చెప్పుకుంటూ వచ్చాను. బిల్లు దగ్గరికి వచ్చేసరికి మాట మార్చేదాన్ని. లహరి మార్చనివ్వలేదు. సరే, రాస్తున్నాను. అంకుల్ కిందికి వచ్చిన సీటు పది. ఇడ్లీ రెండు ప్లేట్లు అరవై. గారెలు ఒక ప్లేటు ముప్పై. ఆంటీకీ, వరసలో ఆవిడ ముందూ వెనకా నిలబడ్డవాళ్లకీ కలిపి ఆయన కట్టించుకున్న పార్సెళ్లు మూడు, తొంభై. తిరుగు సీటు యాభై, ఎందుకంటే, "టూరిస్టుకి టూరిస్టు రేటే దీదీ, పాత రేటు ఎనిమిది మందికే, అదే కదా పక్కా" అన్నాడు రామ్‌వీర్ భయ్యా. మొత్తం రెండువందల నలభై. మేళా రోజులన్నిటిలో నేను బేరమాడి మిగుల్చుకున్నది, సీటుకి పది చొప్పున, పదకొండు రోజులు రానూపోనూ, రెండువందల ఇరవై. ఇరవై రూపాయల నష్టానికి ఉద్యోగం వచ్చిందని ఇన్నాళ్లూ సరిపెట్టుకున్నాను.

లహరి కుల్ఫీ పుల్ల నాకడం ఆపి అడిగింది. "పెద్దమ్మా, ఆ ఎనిమిదో సీటు పది రూపాయలూ నువ్వే ఇస్తానని రోడ్డు మీద నోటు ఊపితే ఆయన ఆగేవాడు కాదా?"

ఆగేవాడు. తప్పకుండా ఆగేవాడు. ఎక్కని మనిషికి డబ్బు కట్టడం అనే ఊహ మా ఇంటా వంటా లేదు, అందుకే అప్పుడూ తట్టలేదు, ఇన్నేళ్లలో ఒక్కసారీ తట్టలేదు. పదితో పోయేదానికి రెండువందల నలభై. కాబట్టి అసలు బిల్లు, నా తెలివికి నేను కట్టుకున్నది, అక్షరాలా రెండువందల ముప్పై రూపాయలు.